ఓటో గ్రాహమ్ టైటిళ్లు 7 అనాలా, 3 అనాలా?

స్కోర్‌బోర్డు: అమెరికన్ ఫుట్‌బాల్‌లో గ్రాహమ్ క్వార్టర్‌బ్యాక్‌గా (పాస్‌లు విసురుతూ దాడిని నడిపే ఆటగాడిగా) ఉన్న 1946–55 మధ్య క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పదేళ్లూ ఫైనల్ ఆడింది, 7 గెలిచింది. అందులో మొదటి 4 ఏఏఎఫ్‌సీ అనే లీగ్‌వి. ఆ లీగ్ 1949తో మూతపడి, బ్రౌన్స్ సహా కొన్ని జట్లు మరో లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో చేరాయి. ఎన్ఎఫ్ఎల్‌లో గెలిచినవి 1950, 1954, 1955 మాత్రమే. ఏఏఎఫ్‌సీలో ఆయనవి 86 టచ్‌డౌన్ పాస్‌లు (గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చినవి), 41 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసినవి). ఎన్ఎఫ్ఎల్‌కి వచ్చాక 88, 94! ప్రత్యర్థులు గట్టివాళ్లయ్యేసరికి ఏమైందో అంకెలే చెబుతున్నాయి. నా లెక్క 3.

ఫోర్త్‌డౌన్: ఆ కాలపు ఇంటర్‌సెప్షన్లను నేటి కొలతతో చూడకూడదండీ. 1952, 1953 ఫైనల్స్‌లో గ్రాహమ్‌ని ఓడించిన డెట్రాయిట్ క్వార్టర్‌బ్యాక్ బాబీ లేన్ కెరీర్ మొత్తంలో 196 టచ్‌డౌన్లు, 243 ఇంటర్‌సెప్షన్లు. అయినా ఆయన మేటి ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లోనే ఉన్నాడు. గ్రాహమ్ ఎన్ఎఫ్ఎల్‌లో విసిరిన ఒక్కో పాస్‌కి సగటున 8.6 గజాలు వచ్చాయి. అంత దూరాలకు విసిరితే కొన్ని బంతులు అవతలివాళ్లకు దొరకడం మామూలే.

అసలు పరీక్ష 1950 సెప్టెంబరు 16న జరిగింది. ఎన్ఎఫ్ఎల్‌లో బ్రౌన్స్ మొదటి మ్యాచ్, అదీ ఛాంపియన్ ఫిలడెల్ఫియా ఈగల్స్ ఊళ్లో. 35–10తో గెలిచారు. గ్రాహమ్ పాస్‌లతో 346 గజాలు తెచ్చాడు.

స్కోర్‌బోర్డు: బ్రౌన్స్ గొప్ప జట్టు, ఒప్పుకుంటాను. మరి మిగతా లీగ్? 1949 ఏఏఎఫ్‌సీ ఫైనల్ ఆడిన శాన్ ఫ్రాన్సిస్కో మరుసటి ఏడు ఎన్ఎఫ్ఎల్‌లో 3–9 (3 గెలుపులు, 9 ఓటములు). ఏఏఎఫ్‌సీ నుంచే వచ్చిన బాల్టిమోర్ 1–11. అలాంటి జట్ల మీద గెలిచిన కప్పులవి. పైగా ఏ ఎత్తు వేయాలో కోచ్ పాల్ బ్రౌన్ గార్డులనే ఆటగాళ్లతో మైదానంలోకి కబురు పంపేవాడు. బంతితో పరుగెత్తే మ్యారియన్ మోట్లీ, కిక్‌లు కొట్టే లూ గ్రోజా లాంటివాళ్లు పక్కనున్నారు. 1953 ఫైనల్‌లో గ్రాహమ్ 15 పాస్‌లు విసిరితే అందినవి 2, వచ్చినవి 20 గజాలు. ఒక్క పాయింటుతో ఓడారు.

గోల్‌లైన్: కబురు కోచ్‌దే అనుకున్నా, ఆడాల్సింది మైదానంలో ఉన్నవాడే కదా. 1950 డిసెంబరు 24, లాస్ ఏంజెలెస్ రామ్స్‌తో ఫైనల్. రెండు నిమిషాల్లోపే మిగిలింది, 27–28తో వెనక. బంతి సొంత 32 గజాల గీత దగ్గర. మొదట గ్రాహమే పరుగెత్తి 14 గజాలు తెచ్చాడు. తర్వాత వరసగా పాస్‌లు. చివర్లో టచ్‌డౌన్‌కి ప్రయత్నించకుండా బంతిని తానే పట్టుకుని మైదానం మధ్యకు చేర్చాడు. అప్పట్లో హ్యాష్ గీతలు (బంతిని ఎంత పక్కగా పెట్టవచ్చో చెప్పేవి) ఇప్పటికంటే అంచులకు దగ్గరగా ఉండేవి, పక్కనుంచి కొడితే కోణం ఇరుకు. గోల్ స్తంభాలు గోల్ గీత మీదే ఉండేవి కాబట్టి మధ్యనుంచి గ్రోజాకి 16 గజాల కిక్ సరిపోయింది. 30–28, ఇంకా 28 సెకన్లు ఉండగా.

1954 ఫైనల్ కూడా చూడండి. డెట్రాయిట్ మీద 56–10, గ్రాహమ్ 3 టచ్‌డౌన్లు విసిరి, 3 తానే పరుగెత్తి సాధించాడు. ఆయన విరమించాక 1956లో అదే కోచ్, జట్టు 5–7.

స్కోర్‌బోర్డు: 1956 మాట బలమైనదే. అయినా శాన్ ఫ్రాన్సిస్కో 3–9కి జవాబు రాలేదు. 7 అని రాసేవాళ్లు పక్కన లీగుల పేర్లు కూడా రాయాలి.

ఫోర్త్‌డౌన్: రాయండి, అభ్యంతరం లేదు. ఆ 4 తీసేయడమే తప్పు. బలహీనమైన లీగ్ ఆయన్ని మోసి ఉంటే, గట్టి లీగ్‌లో అడుగుపెట్టిన ఏడాదే 10–2తో వచ్చి కప్పు ఎత్తుకుపోయేవాడు కాదు.