తిన్నవారికి వాంతులైతే హోటలుకు ఎంత నష్టం? మీ అనుభవాలు చెప్పండి

బరంపురం టిఫిన్లు: పోయిన ఆదివారం ఒక బారసాలకు అరవై మందికి ఫ్రైడ్ రైస్ పంపాము. తిన్న మూడు గంటలకు తొమ్మిది మందికి వాంతులు పట్టుకున్నాయి. ఎవరికీ ప్రాణాపాయం లేదు కాని, ఆసుపత్రి ఖర్చు ఇవ్వమంటున్నారు. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్లవుతుందా? ఇలాంటి వాటికి బీమా ఎవరైనా చేయించారా? సోమవారం నుంచి గల్లాపెట్టె సగం కూడా నిండడం లేదు.

పర్లాకిమిడి మెస్సు: ఖర్చు సంగతి తర్వాత చూడవచ్చు, ముందు పేరు నిలబెట్టుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేకపోతే, ఫ్రీజరులోని ఇరవై రెండు కిలోల కోడిమాంసాన్ని గోతిలో పూడ్పించాను. మసాలా దట్టిస్తే ఎవరికీ తెలియదని మా బావమరిది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పక్క వీధి హోటలాయన మాత్రం వండి అమ్మాడు. ఇప్పుడు ఆ గదిలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

రాయగడ కేటరింగ్: ఆ అన్నం ఎప్పుడు వండారు?

బరంపురం టిఫిన్లు: ముందు రోజు రాత్రి వండి, గుండిగలోనే ఉంచి గుడ్డ కప్పాము. మెతుకు పొడిపొడిగా రావాలని అందరూ చేసేదే కదండీ. పొద్దున పొగలు వచ్చేదాకా వేయించాము.

రాయగడ కేటరింగ్: దొంగ దొరికినట్లే. పందొమ్మిదేళ్ళుగా వెయ్యి మంది విందులకు వండిస్తున్నవాడిగా చెబుతున్నాను. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యంలోనే ఉంటాయి, ఉడికించినా చావవు. గుండిగ నడుమ అన్నం తెల్లవార్లూ గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం చిమ్ముతాయి. ఆ విషం పెనం వేడికి విరగదు. అరగంట నుంచి ఆరు గంటలలోపు వాంతులు కావడం దాని పద్ధతి.

గుణుపురం చద్దన్నం: అయితే మా అమ్మమ్మ ఎనభై ఏళ్ళు విషం తిని బతికిందా? మార్చి 20న ఒడిశా అంతటా పఖాళ (నీళ్ళలో నానిన చద్దన్నం) దినోత్సవం జరుపుకుంటారు, మర్నాడు ఆసుపత్రులు నిండిపోతున్నాయా? నాలుగు ఇంగ్లీషు పేర్లు నేర్చినవారికి మన తిండి మీద ఎందుకింత చులకనో తెలియదు.

రాయగడ కేటరింగ్: అయ్యా, పఖాళ నీళ్ళలో పులుస్తుంది, ఆ పులుపే చెడ్డ సూక్ష్మజీవులను పెరగనివ్వదు. ఆ గుండిగలో నీళ్ళూ లేవు, పులుపూ లేదు. మీరు తోడుకున్న పెరుగునూ విరిగిన పాలనూ ఒకే గాటన కడుతున్నారు.

గుణుపురం చద్దన్నం: నీళ్ళు పోసేముందు మేమూ చల్లారబెడతాము. మీ అనుభవం ఎన్నేళ్ళన్నది అన్నానికి తెలియదు లెండి.

ఛత్రపురం లెక్కలు: మీ చద్దన్నం గొడవ వేరే చోట తేల్చుకోండి. 2006 ఆహార భద్రతా చట్టం 65వ సెక్షను ప్రకారం, సురక్షితం కాని తిండి వల్ల మనిషి చనిపోతే పరిహారం 5 లక్షలకు తగ్గదు. తీవ్రమైన హానికి 3 లక్షల దాకా, మిగిలినవాటికి లక్ష దాకా ఉంటుంది. శిక్ష, జరిమానా వేరు. అధికారి నమూనా తీస్తే నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి, ఆ సమయంలో మీరు పక్కనే నిలబడి చూసుకోండి. ఇంకొకటి, వాంతులైన ప్రతివాడూ చివర తిన్న హోటలునే పట్టుకుంటాడు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా ఎప్పుడైనా బయటపడవచ్చు, తప్పు మూడు రోజుల కిందటి గుడ్డుదీ కావచ్చు.

పర్లాకిమిడి మెస్సు: ఇక్కడ తొమ్మిది మందికీ మూడు గంటలకే అయింది, గుడ్డు మీదికి నెట్టకండి. నేనైతే ప్రతి వంటకం నుంచి గిన్నెడు తీసి, తేదీ రాసి, రెండు రోజులు ఫ్రిజ్‌లో దాస్తాను.

బరంపురం టిఫిన్లు: నిన్న సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి ఆసుపత్రి బిల్లులు కట్టి వచ్చాను. పెద్దావిడ మంచినీళ్ళు ఇచ్చింది కాని, కూర్చోమనలేదు. అన్నం ఆరబెట్టడానికి వెడల్పు పళ్ళాలు కొంటాను. ఎంత లోతువి తీసుకోవాలి? బీమా మాట ఎవరూ ఎత్తనే లేదు.

రాయగడ కేటరింగ్: రెండు అంగుళాలు చాలు. ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టండి, గుడ్డ కప్పకండి.