ఉప్పుగాలిలో డిస్కులా, సర్వర్ల దయ మీద డౌన్‌లోడ్లా? దాచుకునేవారి అనుభవాలు కావాలి

పెదవాల్తేరు వాసి:
నమస్కారం. మా ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. అటక మీద పెట్టిన ప్లేస్టేషన్ 3 వీడియో గేమ్ డిస్కుల పెట్టెను మూడేళ్ల తర్వాత మొన్న దించి చూస్తే, డబ్బాల్లోని కాగితాలు ఉబ్బి ప్లాస్టిక్‌కు అంటుకుపోయి ఉన్నాయి. డిస్కులు తుడిస్తే ఆడాయి కానీ, కన్సోల్ వెనుక హెచ్‌డీఎంఐ పోర్టు చుట్టూ తుప్పు పట్టింది. ఇకపై అన్నీ డౌన్‌లోడ్ రూపంలోనే కొనమని మా అబ్బాయి పోరుతున్నాడు. పదిహేనేళ్ల తర్వాత కూడా ఆడుకోవాలనుకునేవారు ఏం చేస్తున్నారో చెప్పగలరా?

ఎంవీపీ కాలనీ పాత ఆటగాడు:
అబ్బాయి మాట వినే ముందు నా గోడు వినండి. ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఖాతా తెరిచినప్పుడు, ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన ఈమెయిల్ చిరునామా రాశాను. కనెక్షన్ మార్చడంతో ఆ చిరునామా రద్దయింది. లాగిన్ కోడ్ మాత్రం ఇప్పటికీ అక్కడికే వెళ్తుంది. బిల్లులన్నీ అందులోనే ఉండిపోయినందువల్ల, ఆ 23 ఆటలు నావేనని రుజువు చేయడానికి నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. ఖాతా నిలిచినా దుకాణం నిలవాలి కదా! నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణాలైన ఈషాప్‌లలో 2023 మార్చి 27తో అమ్మకాలు ఆగిపోయాయి. అంతకుముందు కొన్నవి మళ్లీ దించుకునే వీలు ఉంచారు గానీ, అది ఎన్నాళ్లన్నది వారి చిత్తం.

గాజువాక రేసర్:
డిస్కు ఉంటే ఆట మన సొంతమేనని నేనూ నమ్మేవాణ్ని. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ల రేసు ఆటను ఒంటరిగా ఆడాలన్నా కంపెనీ సర్వర్‌తో సంబంధం ఉండవలసిందే, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశాక ఆ డిస్కు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. కొన్న ఆటలను ఆడే వీలు లేకుండా చేయొద్దనే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం దాని మీదే మొదలైంది. ఇక నింటెండో స్విచ్ 2 కన్సోల్ గేమ్-కీ కార్డుల్లో ఆటే ఉండదు, దాన్ని దించుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. అట్ట మీది చిన్న అక్షరాలు చదవకుండా కొనకండి.

సీతమ్మధార రిపేరు బల్ల:
డిస్కులు పాడయ్యే సంగతి చెబుతాను. సీడీలో మెరిసే లోహపు పొర బొమ్మ ఉన్న వైపే, పల్చని లక్క కింద ఉంటుంది కనుక, అందరూ కాపాడుకునే అడుగు వైపు కన్నా పై వైపు గీతలే ప్రమాదం. దాని మీద పెన్నుతో పేర్లు రాసుకునేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బ్లూరే డిస్కులో సమాచారం అడుగు వైపు 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉన్నా, పైన గట్టి పూత ఉంటుంది. మీ ప్లేస్టేషన్ 3 డిస్కులు ఈ రకమే, అవి ఆడడానికి అదీ ఒక కారణం కావచ్చు. పాత క్యాట్రిడ్జ్‌లలో సేవ్‌లను నిలిపేది బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే ఆట ఉంటుంది, మీ పురోగతి పోతుంది. అటక వద్దు. మూత బిగుసుకునే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, రంగు మారగానే మార్చండి. బియ్యం మాత్రం పోయకండి, ఆ పొడి పోర్టుల్లో చేరితే తియ్యలేక చస్తున్నాం.

లాసన్స్ బే మిత్రుడు:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు మా కిటికీ అద్దాలు పగిలి గది తడిసిపోయింది. ఉప్పు నీటిలో నానిన డిస్కులను మంచినీటితో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిస్తే రెండు తప్ప అన్నీ బతికాయి. హార్డ్ డిస్కు మాత్రం లేవలేదు. అప్పటి నుంచి సర్వర్ అనుమతి అడగని ఆటలనే, అంటే జీవోజీ వంటి ఆన్‌లైన్ దుకాణాల్లో దొరికే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లను, కొని రెండు డ్రైవుల్లో పెడుతున్నాను. ఒకటి నా దగ్గర, రెండోది అనకాపల్లిలో మా అక్కగారింట్లో. దసరాకు వెళ్లినప్పుడు రెండూ తెరిచి చూసుకుంటాను.

పెదవాల్తేరు వాసి:
అందరికీ ధన్యవాదాలండి. అటక ఖాళీ చేశాను. బీరువాలో పట్టుచీరల పక్కన ఒక అర ఇవ్వడానికి మా ఆవిడ ఒప్పుకున్నారు గానీ, కలరా ఉండలు తీయడం కుదరదంటున్నారు. సీతమ్మధార వారూ, వాటి వాసన డిస్కులకు హాని చేస్తుందా?