కర్నూలులో గవర్నమెంటా, ప్రైవేటా? రెండో విడత ఆప్షన్ల ముందు సలహా కావాలి

ఎమ్మిగనూరు నాన్న

అందరికీ నమస్కారం. మాది ఎమ్మిగనూరు. నేను ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. మా పెద్దమ్మాయికి రెండో ప్రయత్నంలో నీట్‌లో మంచి మార్కులు వచ్చాయి. మొదటి విడతలో కర్నూలు దగ్గరి ప్రైవేటు మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా (ఏ కేటగిరీ) సీటు వచ్చింది. చేర్చాం. హాస్టల్‌లో రూమ్ ఇచ్చారు, నంద్యాల అమ్మాయి ఒకరు రూమ్మేట్‌గా కుదిరింది, ఇద్దరూ బాగా కలిసిపోయారు.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, కర్నూలు మెడికల్ కాలేజీ లాస్ట్ ర్యాంకుకు మా పాప కొంచెం దూరంలోనే ఆగింది. రెండో విడతలో ఖాళీలు పడితే వచ్చే అవకాశం ఉందని కోచింగ్ సెంటర్ సార్ చెప్పారు. నాకు గవర్నమెంట్ కాలేజీ అంటే మొదటి నుంచి గురి. పాప మాత్రం, "నాన్నా, అక్కడ బ్యాచ్‌కి 250 మంది. నన్నెవరు పట్టించుకుంటారు? ఇక్కడ అలవాటు పడ్డాను, మళ్ళీ మొదలుపెట్టాలా?" అంటోంది. మా ఇంట్లో డాక్టర్లు ఎవరూ లేరు, అడగడానికి మనిషి లేడు. రెండు చోట్లా చదివినవాళ్ళు, చదివించినవాళ్ళు మీకు తెలిసింది చెప్పండి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

బుధవారపేట అమ్మాయి

అన్నా, నేను కర్నూలు మెడికల్ కాలేజీలోనే చదివాను, ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే. టెన్షన్ పడకండి, రెండూ సీట్లే, రెండిటి నుంచీ డాక్టర్లే వస్తారు. డిగ్రీ ఇచ్చేది కూడా ఒకే హెల్త్ యూనివర్సిటీ. థియరీ పరీక్షకు రెండు కాలేజీల పిల్లలూ ఒకే ప్రశ్నపత్రం రాస్తారు.

తేడా ఎక్కడ వస్తుందో నాకు జరిగిన ఒక్క సంగతి చెప్తాను. థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు వానాకాలంలో ఒక రాత్రి క్యాజువాలిటీలో ఉన్నాం. పొలంలో నీళ్ళు కట్టడానికి వెళ్ళిన ఆయనను పాము కరిచిందని తీసుకొచ్చారు. ఏ పామో ఎవరూ చూడలేదు. డ్యూటీ డాక్టర్ గారు రక్తం కొంచెం తీసి, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు ట్యూబులో పోసి నా చేతికిచ్చారు. "20 నిమిషాలు కదపకుండా నిలబెట్టు. తర్వాత ఒకసారి వంచి చూడు" అన్నారు. ఆ ట్యూబును స్టాండులో పెట్టి గడియారం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన భార్య నా పక్కనే నేల మీద కూర్చుని ఉంది. 20 నిమిషాలయ్యాక వంచితే రక్తం గడ్డ కట్టలేదు, నీళ్ళలాగా జారింది, అంటే విషం రక్తంలోకి ఎక్కిందన్నమాట. పరుగెత్తుకెళ్ళి చెప్పాను. యాంటీ వీనమ్ పది వయల్స్ వెంటనే ఎక్కించారు. మూడో రోజు వార్డుకెళ్తే ఆయన మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

ఆ పరీక్ష పుస్తకంలో రెండు లైన్లు. నేను ఎప్పటికీ మర్చిపోను. 250 మందిలో నన్నెవరు పట్టించుకుంటారని మీ పాప అడిగింది కదా, నిజమే, మొదటి ఏడాది ఎవరూ పట్టించుకోరు. మనమే ముందుకెళ్ళి నిలబడాలి. నిలబడితే మాత్రం పేషెంట్లకు కొదవ ఉండదు.

డోన్ అమ్మ

నేను ఖర్చు సంగతి చెప్తానండీ, దాని గురించి ఎవరూ సరిగా చెప్పరు. మా బాబు వేరే జిల్లాలో ప్రైవేటు కాలేజీలో ఏ కేటగిరీలో చదువుతున్నాడు. ట్యూషన్ ఫీజు నిజంగానే తక్కువ. 2020 జీవోలో ప్రైవేటు కాలేజీల ఏ కేటగిరీకి ఏడాదికి 15,000, బి కేటగిరీకి, అంటే మేనేజ్‌మెంట్ కోటాకు, 12 లక్షలు పెట్టారు, తర్వాత కొంచెం పెరిగింది. ఆ 15,000 చూసి మేం సంబరపడ్డాం. చేరిన రోజు హాస్టల్, మెస్, బస్సు, యూనిఫాం, లైబ్రరీ డిపాజిట్, ఇంకా ఏవో పేర్లతో కాగితం ఇచ్చారు. దాని మొత్తం చూస్తే ట్యూషన్ ఫీజు అందులో చిల్లర. మా ఆయన ఆ రోజు రాత్రే ఫోన్ చేసి బంగారం మీద లోన్ గురించి కనుక్కున్నారు.

మీ పాప కాలేజీలో అలాగే ఉంటుందని నేను అనను. కానీ ఒక తెల్లకాగితం తీసుకుని, ఐదేళ్ళకీ ఏ పేరుతో ఎంత కట్టాలో ఆఫీసులో అడిగి రాయించుకోండి. నోటిమాట వద్దు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. రసీదు మీద ఏ పద్దు కిందో రాసి ఉండాలి. గవర్నమెంట్ సీటు వస్తే మీకు మిగిలేది ట్యూషన్ ఫీజు కాదు, ఈ మిగతా పద్దులు. చెల్లెలి చదువు కూడా ఉంటుంది కదా.

పేరు చెప్పని డాక్టర్

నేనూ ప్రైవేటులోనే చదివాను. కర్నూలులో కాదు, కాలేజీ పేరు వద్దు. మంచీ చెడూ రెండూ చెప్తాను.

మంచి ఏమిటంటే మా అనాటమీ మేడమ్‌కు 150 మందిలో ప్రతి ఒక్కరి పేరూ తెలుసు. ఫస్ట్ ఇయర్‌లో నేను ఇంటర్నల్స్ తప్పితే మా అమ్మకు ఫోన్ చేశారు, సాయంత్రం కూర్చోబెట్టి చెయ్యి ఎముకలు మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. గవర్నమెంట్‌లో చేరిన నా స్నేహితుడికి అలా ఎవరూ చెప్పలేదు, వాడు సప్లీ రాశాడు. ఇంటి నుంచి మొదటిసారి బయటికొచ్చిన పిల్లలకు ఆ చూపు చాలా అవసరం.

చెడు ఫైనల్ ఇయర్‌లో తెలిసింది. మా వార్డులో ప్లీహం పెరిగిన పేషెంట్ ఒకే ఒక్కాయన ఉన్నాడు. ఆయన కడుపు మీద చెయ్యి పెట్టి చూడటానికి పన్నెండు మందిమి వరసగా నిలబడ్డాం. ఏడో వాడి దగ్గరకు వచ్చేసరికి ఆయన దుప్పటి లాగేసుకుని గోడ వైపు తిరిగాడు. నా వంతు తొమ్మిది. ఆయన్ను తప్పు పట్టలేం, నొప్పి ఆయనది. అలాంటి కడుపు నేను మొదటిసారి తాకింది ఇంటర్న్‌షిప్ అయిపోయి, ఉద్యోగంలో చేరాక. అప్పుడు పక్కన చూపించే సార్ లేరు.

కాబట్టి ప్రైవేటు అనగానే తీసిపారేయకండి, ఆ కాలేజీ ఆసుపత్రికి పేషెంట్లు నిజంగా వస్తున్నారా లేదా అన్నది మాత్రం కళ్ళతో చూడండి.

ఆదోని తండ్రి

చిన్న హెచ్చరిక, ఇందులో తప్పు పూర్తిగా నాదే. మా వాడికి మొదటి విడతలో దగ్గర్లోనే మంచి సీటు వచ్చింది. రెండో విడతలో ఎలాగూ రాదులే అనుకుని దూరపు కాలేజీ ఒకటి పైన పెట్టాను, ఊరికే చూద్దామని. అదే వచ్చింది! కొత్తది రాగానే పాతది దానంతట అదే పోయింది. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. వాడు ఇప్పుడు పండక్కి ఇంటికి రావాలంటే రాత్రంతా రైల్లో.

మీకు ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా ఇష్టమైనవి మాత్రమే పైన పెట్టండి. ఒక్కటే ఇష్టమైతే ఒక్కటే పెట్టండి. రూల్స్ ఏటా కొంచెం మారతాయి, ఆ విడత నోటిఫికేషన్ మొత్తం చదివి, లాక్ చేసే ముందు పాపతో కూడా చదివించండి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళ చేతిలో పెట్టి రావద్దు.

రిటైర్డ్ సర్జన్

నాయనా, నీ ఉత్తరం చదివాను. నేను కర్నూలులో చదివి, రాయలసీమలోనే ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో పెట్టారు. రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయిన ఏడాది. ఊరికి రాజధాని పోయి కాలేజీ మిగిలిందని మా పెద్దలు చెప్పుకునేవాళ్ళు. ఆ కాలేజీ పెద్దాసుపత్రికి ఒక్క కర్నూలు జిల్లా నుంచే కాదు, అటు గద్వాల నుంచి, ఇటు రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా జనం వస్తారు. హైదరాబాదు, బెంగళూరు హైవే మీద జరిగే ప్రమాదాలు వస్తాయి. పురుగుల మందు తాగినవాళ్ళు వస్తారు, ఆ కేసులే పిల్లలకు డాక్టరు పని అంటే ఏమిటో నేర్పుతాయి. బాధగా ఉంటుంది కానీ నిజం.

మంచాల లెక్క కూడా తెలుసుకో. 2023 నిబంధనల ప్రకారం 150 సీట్ల కాలేజీకి 605 పడకలుండాలి, 250 సీట్లకు 900. అందులో 80 శాతం నిండి ఉండాలి. అంటే కాగితం మీద ఒక్కో విద్యార్థికి 150 సీట్ల ప్రైవేటులోనే మంచాలు ఎక్కువ. నీ కూతురు అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయకు. కాగితం మీద మంచం వేరు, మంచం మీద మనిషి వేరు. అందుకే నీకు ఒక పని చెప్తాను.

సెలవు రోజు కాకుండా మామూలు రోజు, ఉదయం తొమ్మిదిన్నరకు రెండు ఆసుపత్రులకూ వెళ్ళు. పాపను తీసుకెళ్ళు. ఓపీ చీటీల లైను దగ్గర ఒక గంట కూర్చో. ఎవరికీ ఏమీ చెప్పకు. తర్వాత మెడిసిన్ వార్డు, గైనిక్ వైపు వరండాలో నడిచి చూడు. తెల్లకోటు వేసుకుని ఇంటర్న్‌షిప్ చేస్తున్న హౌస్ సర్జన్ ఒకరిని పట్టుకుని, "నువ్వు నీ చేత్తో ఎన్ని కుట్లు వేశావు, ఎన్ని కాన్పులు చూశావు" అని అడుగు. చేసినవాళ్ళు వెంటనే చెప్తారు. చేయనివాళ్ళు పక్కవాళ్ళ ముఖం చూస్తారు. అనాటమీ హాల్లో ఒక్కో టేబుల్ చుట్టూ ఎంతమంది నిలబడతారో ఫస్ట్ ఇయర్ పిల్లల్ని అడుగు. లైబ్రరీ, ఏసీ క్లాస్‌రూమ్ చూసి టైం వేస్టు చేసుకోకు.

బుధవారపేట అమ్మాయి

సార్ చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి, పాపకు కన్నడం కొంచెం వచ్చా అన్నా? ఎమ్మిగనూరు, ఆదోని వైపు పిల్లలకు వస్తుంది కదా. వార్డులో అది పెద్ద బలం. ఉర్దూ కూడా నాలుగు ముక్కలు నేర్చుకుంటే పాతబస్తీ ముసలమ్మలు కథ మొత్తం చెప్తారు. కేసు హిస్టరీ అంటే అదే కదా.

అనంతపురం పీజీ

నా వైపు నుంచి చిన్న మాట. పీజీ సీటు నీట్ పీజీ ర్యాంకుతో వస్తుంది, ఎంబీబీఎస్ ఎక్కడ చదివావని అడగరు. చదువుకునే పిల్లలు ప్రైవేటు నుంచి కూడా మంచి ర్యాంకులు తెచ్చుకుంటున్నారు, హాస్టల్ ప్రశాంతంగా ఉండటం వాళ్ళకు కలిసొస్తుంది. పీజీలో చేరాక మొదటి నెల నైట్ డ్యూటీల్లో మాత్రం ఎక్కువ పేషెంట్లను చూసి వచ్చినవాళ్ళకూ, చూడనివాళ్ళకూ తేడా కనబడుతుంది. నా బ్యాచ్‌లో చూశాను.

ఎమ్మిగనూరు నాన్న

అందరికీ చేతులెత్తి నమస్కారం. సర్జన్ గారు చెప్పినట్టే చేశాం. మంగళవారం ఉదయం మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాం.

ముందు పెద్దాసుపత్రి. తొమ్మిదిన్నరకు చీటీల దగ్గర లైను మెలికలు తిరిగి గేటు వైపు వచ్చింది. కూర్చోవడానికి చోటు లేక పాప ఒక స్తంభం పక్కన నిలబడింది. అక్కడ రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఎక్కడికెళ్ళాలో తెలియక చీటీ పట్టుకుని తిరుగుతోంది. పాప కన్నడంలో మాట్లాడి, చీటీ చదివి, కంటి డిపార్ట్‌మెంట్ దాకా తీసుకెళ్ళి దింపి వచ్చింది. తిరిగి వచ్చేసరికి అరగంట. ముఖంలో అలసట లేదు. హౌస్ సర్జన్ అబ్బాయిని అడిగితే వెంటనే చెప్పాడు, వేళ్ళు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పాడు.

మధ్యాహ్నం మా పాప కాలేజీకి వెళ్ళాం. అబద్ధం చెప్పకూడదు, అక్కడా ఓపీలో జనం ఉన్నారు, ఇంత కాదు గానీ ఉన్నారు. శుభ్రంగా ఉంది. ఫిజియాలజీ మేడమ్ పాపను చూసి పేరు పెట్టి పిలిచి, "వెళ్ళిపోతావా ఏంటి?" అని అడిగారు. చేరి నెల కూడా కాలేదు. నా కళ్ళు తడి అయ్యాయి. ఖర్చుల కాగితం కూడా రాయించుకున్నాను, డోన్ అమ్మగారూ. మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు.

తిరుగు బస్సులో గంటసేపు పాప ఏమీ మాట్లాడలేదు. కోడుమూరు దాటాక, "నాన్నా, కేఎంసీ ఒక్కటే పెట్టు. రాకపోతే ఇక్కడే ఉంటాను, బాగానే చదువుతాను" అంది. అలాగే ఒక్కటే పెట్టాం, ఇద్దరం రెండుసార్లు చదివి లాక్ చేశాం. లిస్టు ఇంకా రాలేదు. రూమ్మేట్ అమ్మాయి మాత్రం ఏడుస్తోందట.

బుధవారపేట అమ్మాయి

అన్నా, ఏ కాలేజీ అయినా పాపకు బోన్ సెట్, అంటే అనాటమీ చదవడానికి ఎముకల సెట్ కావాలి. కొత్తది కొనకండి. నా దగ్గర మా సీనియర్ అక్క ఇచ్చిన సెట్ ఉంది, డబ్బులేమీ వద్దు. ఆదివారం సి క్యాంప్ దగ్గర ఇస్తాను.

ఎమ్మిగనూరు నాన్న

మీ రుణం తీర్చుకోలేనమ్మా. ఆదివారం పాపను తీసుకుని వస్తాను. కుడి వైపు ఎముకలా, ఎడమ వైపువా అని అడగమంటోంది.

బుధవారపేట అమ్మాయి

కుడి వైపువి. కండరాలు మొదలయ్యే చోట ఎర్ర పెన్సిల్, అతుక్కునే చోట నీలం పెన్సిల్ గీతలుంటాయి. అవి మా అక్క గీసినవి, చెరిపేయొద్దని చెప్పండి. భుజం ఎముక మీద ఒక్క చోట చెరిగింది, అది పాపనే గీసుకోమనండి.