బలి చక్రవర్తి నిజంగా ఎంచుకున్నాడా?

ప్రశ్న (మధురవాడ నుంచి):

నమస్కారమండి. పోతన భాగవతంలో బలిని మూడడుగులు అడిగిన వామనుడి కథలోని "ఇంతింతై వటుడింతయై" పద్యం చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. దాని ముందున్న పద్యాలు మాత్రం ఈమధ్యే కుదురుగా చదువుతున్నాను. కారణం మా ఇంట్లో గొడవ. ఆనందపురం దగ్గర మా పొలాన్ని ఏళ్ల తరబడి చూసుకున్న కుటుంబానికి అందులో కొంత భాగం ఇస్తానని నాన్నగారు మాటిచ్చారు. కాగితం లేదు. ఇప్పుడు అటువైపు రేట్లు బాగా పెరిగాయి. నోటిమాటకు కట్టుబడక్కర్లేదని అన్నయ్య పట్టు. పైగా "వారిజాక్షులందు వైవాహికములందు" పద్యం చదివి, ప్రాణ విత్త మానాలకు భంగం కలిగేటప్పుడు బొంకవచ్చని పోతనే చెప్పాడంటాడు. నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకుని మాట్లాడరు. నాకు టెన్షన్.

స్థలం సంగతి మేం చూసుకుంటాం. నా సందేహం కావ్యం గురించి. బలి ముందే మాట ఇచ్చేశాడు. వచ్చినవాడు విష్ణువు, ఎలాగైనా తీసుకునే పోతాడు. అలాంటప్పుడు బలి ఎంచుకున్నది ఏముంది?

జవాబు (సింహాచలం నుంచి, రిటైర్డ్ తెలుగు మాస్టారు):

బాబూ, ముందు మీ అన్నయ్య సంగతి. ఆ పద్యం పోతన తీర్పు కాదు, శుక్రాచార్యుడు తన శిష్యుడు బలికి చెప్పిన సలహా. దాన్ని బలి ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకే కథ నడిచింది. సలహా పట్టుకుని జవాబు వదిలేస్తే ఎలా?

ఇక మీ ప్రశ్న. మాట ఇచ్చినప్పుడు బలికి ఆ కుర్రాడు ఎవరో తెలియదు. అప్పటిది ఔదార్యం, అంతే. అసలు నిర్ణయం తర్వాత వస్తుంది. "ఈ కుబ్జుండు విశ్వంభరుండు", అంటే ఈ పొట్టివాడు విష్ణువే అని, గురువు ముఖం మీదే చెప్పాడు. "వలదీ దానముగీనమున్" అన్నాడు. బొంకినా పాపం రాదని శాస్త్రం కూడా చూపించాడు. అంటే వెనక్కి తగ్గడానికి పరువైన దారి ఒకటి తెరిచి పెట్టాడు. అది లేకపోతే బలిది నిస్సహాయత అనుకోవచ్చు. ఉంది కాబట్టే "కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?" అన్న మాటకు అంత బలం. "హరుడైనన్, హరియైన" అని తన నోటితోనే అంటాడు, అంటే వచ్చినవాడు హరి కావచ్చని తెలిసే. గురువు కోపించి శపించాక కూడా ఇచ్చాడు.

విష్ణువు ఎలాగూ తీసుకుంటాడు అన్నారు. తీసుకోగలడు, నిజమే. కానీ ఆయన యుద్ధానికి రాలేదు, చెయ్యి చాపాడు. "మీదై నాకరంబుంట మేల్ గాదే", అంటే ఆయన చెయ్యి కింద, నా చెయ్యి పైన ఉండటం గొప్ప కాదా అని బలి పొంగిపోయింది అందుకే. లాక్కోవడానికి వచ్చినవాడి ముందు ఆ మాట అనలేడు.

మన కొండ మీది స్వామి ప్రహ్లాదుడి కోసం వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. ఆ ప్రహ్లాదుడి మనవడే బలి. తాత తండ్రి మాట కాదన్నాడు, మనవడు గురువు మాట కాదన్నాడు. చందనోత్సవం నాడు క్యూలో నిలబడ్డప్పుడల్లా ఆ ఇంటి పట్టుదల గుర్తొస్తుంది నాకు.

జవాబు (గాజువాక నుంచి):

మాస్టారూ, శుక్రుణ్ణి మరీ అంత తేలిగ్గా తీసేయకండి. సంస్కృత భాగవతంలో ఆయన ఇంకో మాట అంటాడు: ధర్మానికి, కీర్తికి, సంపాదనకి, భోగానికి, తనవాళ్లకి అని సొమ్మును ఐదు భాగాలు చేసుకోవాలని. ఇల్లు నడిపేవాళ్లకి ఇందులో తప్పేం కనిపిస్తుంది? ప్రహ్లాదుడు పణంగా పెట్టింది తన ప్రాణం. బలి పణంగా పెట్టింది అందరి బతుకు. బలి భార్య వింధ్యావళి భర్త సైగ అర్థం చేసుకుని బంగారు కలశంతో నీళ్లు తెచ్చింది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నాకు ఆ పద్యం దగ్గర ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది. బలి గొప్పవాడే, కానీ ఇచ్చినదంతా ఆయన ఒక్కడిదే కాదు కదా.

మీ అన్నయ్యగారికి మాత్రం ఒకటి చెప్పండి. ధర పెరిగిన స్థలంలో కొంత ఇస్తే తగ్గేది లాభం. దాన్ని విత్తభంగం అనరు.

మధురవాడ:

అమ్మా, ఆ చివరి వాక్యం ఇందాకే అన్నయ్యకు చదివి వినిపించాను. మారు మాట్లాడలేదు. ఒప్పుకోనూ లేదు. స్థలం నాన్నగారి స్వార్జితమే, అయినా పెద్దకొడుకు మనసారా సరే అన్నాకే రిజిస్ట్రేషన్‌కి వెళదామని ఆయన అంటున్నారు. మీరు వింధ్యావళి గురించి అన్నది చదివాక ఆయన చెప్పింది సబబే అనిపిస్తోంది. మా అమ్మను కూడా అడగాలి. ఇంతవరకు ఎవరం అడగలేదు.

మాస్టారూ, మరి మూడో అడుగు? అప్పటికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు కదా, దాన్ని కూడా ఎంపికే అంటారా?

సింహాచలం:

గాజువాక అమ్మగారితో నేను వాదించను. ఆ వైపు నుంచి నేను పాఠం చెప్పలేదెప్పుడూ, చెప్పాల్సింది.

మూడో అడుగు విషయానికి వస్తే, అప్పటికి బలిని వరుణపాశాలతో, అంటే వరుణుడి తాళ్లతో, కట్టేసి ఉంచారు. ఇచ్చిన మాట తీర్చలేకపోతే నరకానికి పోతావని వామనుడు బెదిరించాడు. "ఇక నా దగ్గర లేదు" అని ఊరుకుంటే జరిగేది జరిగిపోయేది. "నీ తృతీయపదము నిజము నా శిరమున నెలవు సేసి పెట్టు" అని చోటు చూపించింది బలే. మొదటి రెండడుగులూ వామనుడు కొలుచుకున్నాడు, మూడోది ఎక్కడ పెట్టాలో మాత్రం బలి చెప్పాడు. నా మట్టుకు నాకు ఎనిమిదో స్కంధంలో అన్నిటికన్నా స్వతంత్రమైన మాట అదే.