ఫోన్ పవర్ యాంప్లిఫైయర్: సింగిల్ టోన్‌కి (ఒకే ఫ్రీక్వెన్సీకి) సామర్థ్యం 52 శాతం, ఎల్‌టీఈ (4జీ సిగ్నల్) పెడితే 36. ఎక్కడ పోతోంది?

ప్రశ్న:
ఎం.టెక్ ప్రాజెక్టుకి 1.95 గిగాహెర్ట్జ్ పవర్ యాంప్లిఫైయర్ (పీఏ) చేస్తున్నాను, ఇంకా సిమ్యులేషన్‌లోనే ఉంది. గాలియం ఆర్సెనైడ్ హెచ్‌బీటీ ట్రాన్సిస్టర్, సప్లై 3.4 వోల్టులు. సింగిల్ టోన్‌కి 28 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే పవర్) దగ్గర పీఏఈ (సప్లై పవర్‌లో సిగ్నల్‌కి కలిసే శాతం) 52 శాతం చూసి సంబరపడ్డాను. 10 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ సిగ్నల్ పెట్టేసరికి 27 దగ్గర ఏసీఎల్ఆర్ (పక్క ఛానల్‌లోకి చిందే పవర్ మన ఛానల్ కన్నా ఎన్ని డీబీ తక్కువో) ఒక పక్క 22, ఇంకో పక్క 26. లిమిటేమో కనీసం 30. పాస్ కావాలంటే 25కి దించాలి, అక్కడ పీఏఈ 36. వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది. పెద్ద ట్రాన్సిస్టర్ పెట్టాలా?

జవాబు:
ముందు ఇది చెప్పండి, కలెక్టర్‌కి ఎన్ని ఓమ్‌ల లోడ్ చూపిస్తున్నారు?

అడిగినవారు:
8 సార్. ఎస్22 (ఔట్‌పుట్ వైపు రిఫ్లెక్షన్) చూసి కాంజుగేట్ మ్యాచ్ (ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్‌కి సరిపడే లోడ్) చేశాను.

జవాబు:
అదీ సంగతి. కాంజుగేట్ మ్యాచ్‌తో గెయిన్ వస్తుంది, పవర్ రాదు. 3.4లో సాచురేషన్‌కి 0.4 పోతే ఊగడానికి మిగిలేది 3 వోల్టులు. మూడు మూళ్లు తొమ్మిది, దాన్ని లోడ్‌కి రెట్టింపుతో, అంటే 16తో భాగిస్తే 0.56 వాట్లు, 27.5 డీబీఎం. మీ 28 గట్టిగా తోస్తే వచ్చింది. సగటు 27 అడిగితే ఎల్‌టీఈ సిగ్నల్ శిఖరాలు తెగిపోవూ?

యాంటెన్నా దగ్గర 23 రావాలి, డ్యూప్లెక్సర్ (పంపే, అందుకునే సిగ్నళ్లని వేరు చేసేది), స్విచ్ తినేది కలుపుకుంటే పీఏ 27 ఇవ్వక తప్పదు. శిఖరాలకి ఇంకో 3 డీబీ వదలండి. అంటే 1 వాట్, 4.5 ఓమ్‌లు. అప్పుడు శిఖర కరెంటు 0.75 నుంచి 1.33 ఆంపియర్లకి పోతుంది. మీ డివైస్ అంత మోయలేకపోతేనే పెద్దది పెట్టండి.

36 చూసి కంగారు పడకండి. క్లాస్ బీ (ట్రాన్సిస్టర్ సగం సైకిల్ మాత్రమే కరెంటు లాగే) తరహా పీఏలో 3 డీబీ దిగితే సామర్థ్యం 0.7 వంతు అవుతుంది. 52లో 0.7 వంతు ఎంతో చూసుకోండి.

ఇంకొకరు:
రెండు పక్కలకీ 4 డీబీ తేడా ఉంది, అది లోడ్ మార్చినా పోదు. సప్లై చోక్ (సప్లై దారిలోని కాయిల్) ఎంత పెట్టావ్ తమ్ముడూ?

అడిగినవారు:
సిమ్యులేషనే కదా అని 100 నానోహెన్రీ పెట్టేశా అన్నా.

ఇంకొకరు:
10 మెగాహెర్ట్జ్ దగ్గర అది 6.3 ఓమ్‌లు! సిగ్నల్ ఎన్వలప్ (సిగ్నల్ ఎత్తు హెచ్చుతగ్గులు) ఎలా ఊగితే కలెక్టర్ వోల్టేజీ కూడా అలాగే ఊగుతుంది. 5 నానోహెన్రీ చాలు. 1.95 గిగాహెర్ట్జ్ దగ్గర 61 ఓమ్‌లు, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 0.3. చోక్‌కి సప్లై వైపు పికోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే పెట్టి ఊరుకోకు, మైక్రోఫారడ్‌ది కూడా ఆనుకునే ఉండాలి. మేం ల్యాబులో ఇదే తప్పు చేసి నెల రోజులు ట్రాన్సిస్టర్ మోడల్‌ని తిట్టుకున్నాం. టూ టోన్ పెట్టి, టోన్ల మధ్య దూరం 1 నుంచి 20 మెగాహెర్ట్జ్ వరకు మారుస్తూ చూడు, తెలిసిపోతుంది.

అడిగినవారు:
రెండూ మార్చాను. 27 దగ్గర 31, 32. పీఏఈ 35! డోహెర్టీ (రెండు యాంప్లిఫైయర్లు పని పంచుకునే అమరిక) కూడా కలపమని గైడ్ అంటున్నారు.

జవాబు:
డోహెర్టీ 1936 నాటి ఆలోచనే, బేస్ స్టేషన్లలో బాగా నడుస్తోంది. కానీ ఫోన్‌లో యాంటెన్నాని చెయ్యి కప్పితే లోడ్ మారిపోతుంది, డోహెర్టీకి అది పడదు. అందుకే ఫోన్లలో ఎక్కువగా ఎన్వలప్ ట్రాకింగ్ (సప్లై వోల్టేజీని ఎన్వలప్‌కి తగ్గట్టు మార్చే పద్ధతి) వైపు వెళ్లారు. వారంలో రెండూ కావు. ఉన్నదానికే 50 ఓమ్‌ల నుంచి 4.5కి ఎలా దిగుతున్నారో చూడండి, కాయిల్ క్యూ (ఎక్కువైతే నష్టం తక్కువ) 30 అయితే అక్కడే పదో వంతు పవర్ పోతుంది. మంచి కాయిల్ వేస్తే 35 ఇంకాస్త పైకి వస్తుంది.