పాత జిప్సీకి ఏ సస్పెన్షన్ వేయించాలి? ఘాట్ రోడ్డు, తోట దారి రెండూ ఉన్నాయి

ప్రశ్న

అందరికీ నమస్కారం. పోయిన నెల 2012 మోడల్ జిప్సీ కింగ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, సాఫ్ట్ టాప్. పాడేరు దగ్గర మాకు కాఫీ, మిరియాల తోట ఉంది. వారానికి ఒకటి రెండుసార్లు విశాఖ నుంచి ఘాట్ ఎక్కి వెళ్తాను. తారు రోడ్డు దిగాక చివరి నాలుగు కిలోమీటర్లు రాళ్లు, ఎర్రమట్టి, మధ్యలో రెండు గెడ్డలు (వాగులు). ఇంజన్ బాగుంది. కానీ గతుకులో పడితే నడుం విరిగినంత పనవుతోంది. వెనక బెంచీ మీద కూర్చున్న నాన్న ఇక ఈ బండిలో రానన్నారు. పైగా బండి డ్రైవర్ వైపు కాస్త ఒరిగినట్టుంది.

ఒక మెకానిక్ రెండంగుళాలు లిఫ్ట్ చేసి గ్యాస్ షాక్‌లు వేద్దామంటున్నారు. ఇంకొకాయన కమాన్లు (పట్టీల స్ప్రింగులు) పీకేసి కాయిల్ స్ప్రింగులు పెడితే కారులా ఉంటుందంటున్నారు. మా స్నేహితుడేమో పట్టీలు రెండు తగ్గిస్తే చాలంటాడు. ఒకసారి ఖర్చు పెడితే మళ్లీ పెట్టలేను. ఏం చేయమంటారు?

జవాబు

మూడింట్లో దేనికీ ఇప్పుడే ఒప్పుకోకండి. ముందు బండికి ఏమైందో చూడాలి.

జిప్సీకి ముందూ వెనకా రెండు యాక్సిళ్లూ గట్టివే, అంటే రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం లాంటివి, నాలుగు మూలలా కమాన్ పట్టీలే. కొత్తగా ఉన్నప్పుడే కాస్త కఠినంగా ఉండే బండి. పదేళ్లు దాటాక పట్టీల మధ్య తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు పట్టీలు జారవు, చిన్న గతుకు కూడా నేరుగా ఛాసిస్‌కి కొడుతుంది. మీ నడుం నొప్పికి సగం కారణం అదే అనుకుంటున్నాను.

బరువు మోసేది స్ప్రింగు, ఊగుడు ఆపేది షాక్ అబ్జార్బర్. బండి కుదేస్తుంటే ఒక రోగం, పడవలా ఊగుతుంటే ఇంకో రోగం. షాక్‌లు బతికే ఉన్నాయో లేదో తెలుసుకోవడం తేలిక. రాళ్ల దారిలో నాలుగు కిలోమీటర్లు నడిపి, దిగిన వెంటనే నాలుగింటినీ జాగ్రత్తగా ముట్టుకుని చూడండి. పనిచేసేది వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉన్నది పని మానేసినట్టే. ఒంటి మీద నూనె కారిన తడి ఉన్నా మార్చాల్సిందే.

తర్వాత బండిని చదునైన చోట పెట్టి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు వైపులా టేపుతో కొలవండి. కమాన్ చివర్లు ఛాసిస్‌కి తగిలే హ్యాంగర్ల దగ్గర తుప్పు, పగుళ్లు ఉన్నాయేమో చూడండి. విశాఖ సముద్రపు గాలికి పెరిగిన బండి అయితే ఇది మరీ ముఖ్యం. ఛాసిస్‌ని తుప్పు తినేసి ఉంటే ఎంత మంచి స్ప్రింగు వేసినా డబ్బు వృథా.

ఇక లిఫ్ట్ సంగతి. గట్టి యాక్సిల్ బండిలో నేలకి అన్నిటికంటే దగ్గరగా ఉండేది డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్ మధ్యలో గేర్లుండే ఉబ్బు). స్ప్రింగుతో ఎంత ఎత్తు పెంచినా ఆ గుండు కింద ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు, ఎందుకంటే అది చక్రాలతోనే ఉంటుంది. పెరిగేది బాడీ ఎత్తు మాత్రమే. దానితోపాటు బరువు కేంద్రం కూడా పైకి పోతుంది. ఘాట్ మలుపుల్లో ఈ ఇరుకు బండికి అది మంచిది కాదు. మీ దారికి లిఫ్ట్ అవసరం నాకు కనబడటం లేదు.

ఇంకొకరి జవాబు

పై అన్న చెప్పింది నా అనుభవంలో నూటికి నూరుపాళ్లు నిజం. నేను పొడుగు షాకిళ్లు (కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే లింకులు) వేయించి ఎత్తు పెంచాను. ముందు యాక్సిల్ కోణం మారిపోయి స్టీరింగ్ తిన్నగా నిలబడేది కాదు, 60 దాటితే బండి అటూ ఇటూ తిరిగేది. బ్రేక్ గొట్టం కూడా బిగుసుకుపోయి కనిపించింది. మూడు నెలలకే పాతవే బిగించాను. ఆ మూడు నెలలూ ఇంట్లోవాళ్లని ఎక్కించాలంటే టెన్షన్‌గా ఉండేది.

అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్. కొలిచాను. వెనక డ్రైవర్ వైపు రెండున్నర సెంటీమీటర్లు తక్కువ. పట్టీల మధ్య నుంచి ఎర్రటి పొడి రాలుతోంది. వెనక ఒక షాక్ నూనె కారుతోంది, రెండోది చల్లగానే ఉంది. హ్యాంగర్లు బాగానే ఉన్నాయి. మామూలుగా ఇద్దరమే వెళ్తాం. కాఫీ పళ్లు కోసే రోజుల్లో మాత్రం వెనక ఐదారు బస్తాలు, దాదాపు 250 కిలోలు ఉంటాయి. మరి కాయిల్ స్ప్రింగులు అస్సలు వద్దా?

జవాబు

కాయిల్ చెడ్డదని కాదు. మారుతి జిమ్నీకి గట్టి యాక్సిళ్లతోనే కాయిల్ ఉంది, బాగుంటుంది. కానీ కమాన్ బరువు మోయడంతో పాటు యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పక్కకీ కదలకుండా పట్టుకుంటుంది. కాయిల్ ఆ పని చేయలేదు. దానికి విడిగా ఆర్ములు, అడ్డ రాడ్డు పెట్టి ఛాసిస్‌కి వెల్డింగ్ చేయాలి. ఆ వెల్డింగ్ ఘాట్ దిగేటప్పుడు తెగితే ఏమవుతుందో ఆలోచించండి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మీది 2012 బండి కాబట్టి 15 ఏళ్ల ఆర్‌సీ రెన్యువల్‌కి 2027లో తనిఖీకి పెట్టాలి కదా.

పట్టీలు తగ్గించడం కూడా వద్దు. 250 కిలోల బరువుతో దిగుడులో బ్రేకు వేస్తే, మిగిలిన పట్టీలు మెలి తిరిగి పెద్ద పట్టీ విరిగే ప్రమాదం ఉంది.

మీ స్థానంలో నేనైతే వెనక రెండు కమాన్లూ కంపెనీ ఎత్తులోనే కొత్తవి జతగా వేయిస్తాను. ఒక్కవైపు మారిస్తే ఒరుగు పోదు. పాతవాటిని కాల్చి వంచి ఇస్తామని కమాన్ షాపులో అంటారు. సరైన టెంపర్ లేకుండా వంచినవి కొన్నాళ్లకే మళ్లీ కూర్చుంటాయి. ముందువి మాత్రం విప్పి, వైరు బ్రష్‌తో గీకి, గ్రాఫైట్ గ్రీజు పూసి కట్టిస్తే సరిపోవచ్చు. పారాబోలిక్ పట్టీలని ఎవరైనా చెప్తే, అవి నిజంగానే మెత్తగా ఉంటాయి, పట్టీలు చివర్లలో, మధ్యలో మాత్రమే తగులుతాయి కాబట్టి రాపిడి తక్కువ. కానీ ఎంత బరువుకి చేసినవో కాగితం మీద ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి.

షాక్‌లు నాలుగూ కొత్తవి, అసలు పొడవులోనే, తక్కువ ఒత్తిడి గ్యాస్ ఉన్న ట్విన్ ట్యూబ్ (ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలున్న) రకం. గ్యాస్ ఉంటే రాళ్ల దారిలో నూనె అంత తేలిగ్గా నురగ కట్టదు. మోనో ట్యూబ్ (ఒకే గొట్టం ఉన్నది) ఇంకా బాగా పనిచేస్తుంది గానీ, ఒంటికి రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. మీ గెడ్డల్లో ఆ భయం ఉంది. కమాన్ చివర్లలో ఉండే రబ్బరు బుష్‌లన్నీ మార్చండి, కమాన్‌ని యాక్సిల్‌కి కట్టే యూ బోల్టులు పాతవి మళ్లీ వాడనివ్వకండి.

తోట దారిలోకి దిగేముందు, బస్తాలు లేని రోజున, టైర్లలో గాలి 18-20 పీఎస్‌ఐకి తగ్గించి చూడండి. నాన్నగారికి తేడా అక్కడే తెలుస్తుంది. తారు ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి, అందుకని చిన్న పంపు బండిలో ఉంచండి.

పని జరిగేటప్పుడు దగ్గరుండండి. బుష్ బోల్టులు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనివ్వకండి. బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మరోసారి బిగించండి. బండి దింపాక అదే టేపుతో నాలుగు మూలలూ కొలిచి ఇక్కడ పెట్టండి, ఒరుగు పోయిందో లేదో చూద్దాం.