స్పోర్ట్ ఏటీవీకి టైర్లు: 4 ప్లై నాబీలా, 6 ప్లై ఆల్ టెర్రైనా?

చెల్కదారి:
సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 200 సీసీ స్పోర్ట్ ఏటీవీ (మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) ఉంది నా దగ్గర. వెనక టైర్లు నున్నగా అరిగిపోయాయి. ముందువి ఇంకొన్నాళ్లు లాగుతాయి కానీ, పనిలో పనిగా నాలుగూ మార్చేద్దామని చూస్తున్నా. సైజులు (ఎత్తు×వెడల్పు-రిమ్ము, అంగుళాల్లో) ముందు 21×7-10, వెనక 20×10-9.

నడిపేది ఎక్కువగా చేవెళ్ల అవతల మా మేనమామ పొలంలో, ఆ చుట్టుపక్కల. ఎర్ర చెల్క, మొరం బాట, ఎండాకాలంలో చెరువు శిఖం, ఒక పాత క్వారీకి వెళ్లే దారి నిండా కంకర. వానలు పడితే సగం పొలం నల్లరేగడి బురద. అప్పుడప్పుడు బండిని టాటా ఏస్‌లో ఎక్కించి కీసర వైపు దోస్తు వాళ్ల జాగాకు తీసుకెళ్తాం. అక్కడ మట్టి తక్కువ, బండలు ఎక్కువ.

షాపాయన 6 ప్లై (టైరు పొరల బలం) ఆల్ టెర్రైన్ (దగ్గరదగ్గర గుబ్బలున్నవి) వెయ్యమంటున్నాడు. నాతో తిరిగే ఇద్దరూ 4 ప్లై నాబీలు (విడివిడిగా పొడవాటి గుబ్బలున్నవి) కాకుండా ఇంకేది వేసినా ఈ చిన్న ఇంజన్ లాగలేదంటున్నారు. డబ్బు ఒక్కసారే పెట్టగలను. ఏది వెయ్యాలి?

గుట్టలభాయ్:
షాపాయన మాటే కరెక్టు, కనీసం వెనక టైర్ల వరకు.

టైరు అనగానే అందరూ పైనున్న గుబ్బలే చూస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల టైర్లు గుబ్బలు అరిగి పోవడం తక్కువ, పక్కలు కోసుకుని పోవడం ఎక్కువ. ఇక్కడి నేల కింద చాలావరకు గ్రానైటే. గుట్ట మీద ఎప్పటినుంచో ఉన్న బండ ఎండకూ వానకూ అంచులు పోయి గుండ్రంగా ఉంటుంది, దానివల్ల టైరుకు పెద్ద నష్టం లేదు. అదే బండను క్రషర్‌లో పగలగొట్టి దారి మీద పోస్తే ప్రతి ముక్కకూ పదునే. స్పోర్ట్ ఏటీవీలో మనం ఉంచే గాలి 4, 5 పీఎస్ఐ. అంత తక్కువ గాలితో టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్ బయటికి ఉబ్బి సరిగ్గా ఆ ముక్కల మీదికే వస్తుంది. ట్రెడ్‌లో తుమ్మముల్లు దిగితే ప్లగ్గు కొట్టుకుని ఇంటికి రావచ్చు. సైడ్‌వాల్ చీలితే మాత్రం ఆ చోటు వంగుతూ లేస్తూ ఉంటుంది కాబట్టి ప్లగ్గు నిలవదు.

ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఈ బండ్లకు వెనక డిఫరెన్షియల్ ఉండదు. రెండు చక్రాలూ ఒకే యాక్సిల్‌కు బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఒకవైపు కొత్తది, రెండోవైపు అరిగినది వేస్తే చుట్టుకొలతలో తేడా వచ్చి బండి చిన్న టైరు వైపు లాగుతూనే ఉంటుంది. అంటే ఒక్క టైరు కోసుకుపోతే జత మార్చాల్సిందే. అందుకే వెనక డబ్బు పెట్టేది ట్రెడ్ డిజైన్ మీద కాదు, పొర బలం మీద.

6 ప్లై అంటే లోపల ఆరు పొరలు ఉన్నాయని కాదు, అంత బలానికి సరిపడా కట్టారని చెప్పే రేటింగ్ మాత్రమే. కొనేటప్పుడు సైడ్‌వాల్‌ను రెండు చేతులతో నొక్కి చూడు, తేడా చేతికే తెలుస్తుంది.

రేగడిరాజా:
భాయ్, మీరు చెప్పినదంతా టిప్పర్ డ్రైవర్‌కు బాగుంటుంది. ఆయనది 200 సీసీ బండి.

6 ప్లై టైరు బరువెక్కువ. చక్రానికి పెరిగిన బరువు క్యారియర్ మీద పెట్టిన బరువు లాంటిది కాదు. దాన్ని తిప్పాలి, ఆపాలి, గుంత తగిలిన ప్రతిసారీ షాకర్ దాన్ని పైకి లేపి కిందికి దించాలి. 700 సీసీ బండికి అది లెక్కలోకి రాదు. 200 సీసీలో థ్రాటిల్ ఇవ్వగానే తెలిసిపోతుంది. స్పోర్ట్ బండి కొన్నదే ఆ చురుకుదనం కోసం. దాన్ని చంపుకుని ఎప్పుడో కోసుకుపోయే సైడ్‌వాల్ కోసం రోజూ బరువు మోయడం దేనికి?

బండల మీద కూడా మీ మాట ఒప్పుకోను. బండ మీద పట్టు ఎక్కడినుంచి వస్తుంది? టైరు మెత్తగా వంగి రాయి ఆకారానికి సర్దుకుంటేనే వస్తుంది. 6 ప్లై సైడ్‌వాల్ అంత తేలిగ్గా వంగదు. అసలే చిన్న బండి, తక్కువ బరువు. ఆ బరువుకు గట్టి టైరు బండ మీద గెంతుతుంది తప్ప అతుక్కోదు.

ఇక రేగడి. ఆ మట్టి తడిస్తే ఉబ్బి బంకలా పట్టుకుంటుంది. ఆల్ టెర్రైన్‌లో గుబ్బలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి సందులు వెంటనే నిండిపోయి టైరు నున్నగా తయారవుతుంది. నాబీలో సందులు వెడల్పు. చక్రం వేగంగా తిప్పితే మట్టి విసిరికొడుతుంది. ముళ్లకు లోపల సీలెంట్ పోసుకుంటే సరి. నా ఓటు నాలుగూ 4 ప్లై నాబీలకే.

గుట్టలభాయ్:
రేగడి మీద ఒక మాట అడుగుతా, నిజం చెప్పు తమ్ముడూ. గట్టి వాన పడిన మర్నాడు ఆ పొలంలో నీ నాబీలు మాత్రం ఎంతదూరం పోతాయి? ఆ మట్టి ట్రెడ్‌లోనే ఆగదు, మడ్‌గార్డుకూ చైనుకూ పట్టేస్తుంది. పైగా దున్నిన చేలో బండి తిప్పితే మేనమామ ఊరుకుంటాడా? రెండు రోజులు ఆరనిచ్చి వెళ్తే ఏ టైరైనా పోతుంది. ఏడాదిలో కొన్ని వారాలు ఉండే బురద కోసం మిగతా కాలమంతా కంకర మీద పలచటి టైరుతో తిరగమంటావా?

బండ మీద సర్దుకోవడం గురించి నువ్వన్నది నిజం. కానీ అదే బండ మీద నాబీ పరిస్థితి చూడు. విడివిడిగా ఉన్న పొడవాటి గుబ్బలు గట్టి నేల మీద ఒక్కొక్కటీ పక్కకు వాలిపోతాయి. బండకు తగిలే రబ్బరు తక్కువ. కొన్నాళ్లకు అంచులు ముక్కలుగా ఊడిపోతాయి. ఎండాకాలంలో ఎర్ర చెల్క కూడా సిమెంటంత గట్టిగా ఉంటుంది. ఇక్కడ చాలావరకు నడిపేది గట్టినేల మీదే.

గాలిగేజు:
ఇద్దరూ ప్లై దగ్గరే కొట్టుకుంటున్నారు, గాలి సంగతి ఎవరూ సరిగ్గా ఎత్తడం లేదు. సగం సమస్య అక్కడే ఉంది.

పెట్రోల్ బంకులో గాలి కొట్టించి స్పోర్ట్ ఏటీవీ నడిపేవాళ్లను చూస్తుంటా. ఆ గేజులు కార్ల కోసం పెట్టినవి. 4కూ 7కూ తేడా వాటికి తెలియదు, ఇక్కడ ఆ తేడా దాదాపు రెట్టింపు. 0 నుంచి 15 దాకా మాత్రమే చూపించే లో ప్రెషర్ గేజు ఒకటి, సైకిల్ పంపు ఒకటి దగ్గర పెట్టుకో.

రెండోది ఎండ. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 4 పెట్టుకుని బయలుదేరావనుకో. టైరు లోపలి వేడి 25 డిగ్రీల నుంచి 45కు పెరిగితే ఆ 4 కాస్తా 5 దాటుతుంది. కారులో 32 ఉన్నది 35 అయితే ఎవరికీ తెలియదు, ఏటీవీలో పావు వంతుకు పైగా పెరిగినట్టు. మేలో మధ్యాహ్నం బండి గెంతుతోందని టైరును తిట్టేవాళ్లు ఒకసారి గాలి కొలిచి చూడండి.

రేగడిరాజా చెప్పిన గట్టిదనం నిజమే, దానికి మందు 6 ప్లైలో ఒక పీఎస్ఐ తగ్గించుకోవడం. పొర గట్టిగా ఉంటుంది కాబట్టి అంత తక్కువలో కూడా టైరు కూలబడదు.

రేగడిరాజా:
గాలి తగ్గిస్తే బీడ్ (రిమ్మును పట్టుకునే టైరు అంచు) రిమ్ము మీదినుంచి జారుతుంది కదా. పక్కవాటు బండ ఎక్కుతూ మలుపు తిప్పితే చాలు, టైరు ఊడి చేతికొస్తుంది. అందుకే రేసుల వాళ్లు బీడ్‌లాక్ రిమ్ములు వాడతారు. ఈయన అవి కూడా కొనాలా ఇప్పుడు?

గాలిగేజు:
3కు తగ్గించమన్నాను, ఒకటికి కాదు. మామూలు రిమ్ము మీద అంతకంటే కిందికి పోవద్దు.

కార్ఖానాకింగ్:
ఒక డౌటు భాయ్ లోగ్. ముందు రిమ్ము 10 అంగుళాలే కదా. ఆటోలకు వచ్చే 4.50-10 టైరు ఎక్కించేస్తే? ముల్లు కాదు కదా మేకు కూడా దిగదు, ఎక్కడైనా దొరుకుతుంది, ధర కూడా తక్కువ.

గుట్టలభాయ్:
రిమ్ము వ్యాసం కుదిరితే సరిపోదు, దాని వెడల్పు చూడాలి. స్పోర్ట్ ఏటీవీ ముందు రిమ్ము 5 అంగుళాల దాకా వెడల్పు ఉంటుంది. ఆటో టైరు సన్నటి రిమ్ము కోసం చేసింది, బీడ్ కూర్చోదు. కూర్చున్నా అది ముగ్గురు నలుగురిని మోయడానికి ఎక్కువ గాలితో వాడే టైరు. 4 పీఎస్ఐ పెడితే రిమ్ము మీద నిలవదు, ఎక్కువ పెడితే నీ మోచేతులు నిలవవు.

ఆటో మేస్త్రీలతో పనేం లేదని కాదు. ఏటీవీ టైరు ఎక్కించాలంటే కార్ల షాపు మెషీన్ కంటే ఆటో పంచర్ షాపులోనే పని బాగా అవుతుంది. చిన్న రిమ్ములు విప్పడం వాళ్లకు అలవాటు. సబ్బు నీళ్లు ధారాళంగా రాయమను. బీడ్ కూర్చోలేదని కంప్రెసర్ పట్టుకుని కొడుతూ పోనివ్వకు, సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ పీఎస్ఐ దగ్గర ఆపించు. దాటితే బీడ్ తెగి ప్రాణం మీదికి వస్తుంది. బాణం గుర్తు కూడా చూసుకో, తిరిగే దిశ ఉన్న టైర్లు ఇవి.

డబుల్‌సెట్:
ఇంత గొడవెందుకు. పాత రిమ్ములు ఇంకో జత వెతికి రెండు సెట్లు పెట్టుకో. వానాకాలం నాబీ, మిగతా కాలం 6 ప్లై. చక్రానికి నాలుగు నట్లు, అరగంట పని.

చెల్కదారి:
డబ్బు ఒక్కసారే పెట్టగలనని మొదట్లోనే చెప్పా అన్నా :) రెండు సెట్లు ఇప్పుడు నావల్ల కాదు.

ఇంకో ప్రశ్న. వెనక 20కి బదులు 22 అంగుళాలవి వేస్తే? కీసర దగ్గర బండలకు వెనక స్ప్రాకెట్, డిస్కు తగులుతున్నాయి.

స్ప్రాకెట్‌సత్తి:
ఇది నా ఏరియా. స్పోర్ట్ ఏటీవీలో సీటు కింద ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు, వెనక అన్నిటికంటే కిందికి వేలాడేది యాక్సిల్, దాని మీది స్ప్రాకెట్, డిస్కు. వాటిని పైకి లేపాలంటే టైరు పెద్దది కావడం ఒక్కటే దారి. 20 నుంచి 22కు పోతే ఒక అంగుళం లేస్తుంది.

కానీ గేరింగ్ పది శాతం బరువెక్కుతుంది. చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఇంజన్ అంత ఎక్కువ లాగాలి. గేర్ల బండి అయితే ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ మీద పడుతుంది, బెల్టు మీద నడిచే ఆటోమేటిక్ అయితే బెల్టు వేడెక్కుతుంది. దాన్ని సరిచేయడానికి కొందరు వెనక స్ప్రాకెట్ పెద్దది వేస్తారు. 520 చైను బండిలో నాలుగు పళ్లు పెంచితే స్ప్రాకెట్ అంచు దాదాపు 10 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. టైరు ఇచ్చిన 25 మిల్లీమీటర్లలో 10 అక్కడే పోయినట్టు. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించుకోవడం మేలు.

200 సీసీలో, అదీ 6 ప్లైతో, నేనైతే 22 జోలికి పోను. వెడల్పులో మార్పు కావాలంటే 20×11-9 చూడు, ఎత్తు అదే, రబ్బరు కొంచెం ఎక్కువ. స్ప్రాకెట్ కింద ఒక స్కిడ్ ప్లేటు బిగిస్తే బండలు తగిలినా భయం లేదు. ముందు టైర్ల విషయంలో మాత్రం నీకు స్వేచ్ఛ ఉంది. ఇది రెండు చక్రాల డ్రైవ్ బండి, ముందువి నడపవు, తిప్పుతాయి, ఆపుతాయి. నాలుగు చక్రాల డ్రైవ్‌లా ముందూ వెనకల కొలతలు జత కుదరాలన్న బాధ లేదు.

గుట్టలభాయ్:
అందుకే ముందు 4 ప్లై నాబీ వెయ్యమనే నా సలహా కూడా. స్టీరింగ్ తేలిగ్గా ఉంటుంది, పక్క గుబ్బలు ఎర్రమట్టిని కరుచుకుని తిప్పుతాయి. బరువంతా వెనక్కి వాలే బండి కాబట్టి కోతలు ఎక్కువగా పడేది వెనకే.

రేగడిరాజా:
చూశారా, సగం నా దగ్గరికి వచ్చారు :)

చెల్కదారి:
సరే, ముందు 4 ప్లై నాబీ 21×7-10, వెనక 6 ప్లై 20×11-9 అనుకుంటున్నా. బ్రాండ్ సంగతేంటి? మ్యాక్సిస్, ఐటీపీ పేర్లు చెబుతున్నారు, స్టాక్ మాత్రం దొరకడం లేదు.

గాలిగేజు:
బయటి నుంచి వచ్చే సరుకు ఎప్పుడు దొరికితే అప్పుడే. బీకేటీ కూడా ఏటీవీ టైర్లు చేస్తుంది, భుజ్‌లో ఫ్యాక్టరీ ఉన్న మన కంపెనీయే. కాకపోతే వాళ్ల సరుకు ఎక్కువగా ఎగుమతికి పోతుంది, అడిగి తెప్పించుకోవాలి.

బ్రాండ్ కంటే తేదీ చూడు. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3523 అంటే 2023లో 35వ వారం. ఈ సైజులు నెమ్మదిగా అమ్ముడవుతాయి, గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్నవి కొత్తవని అంటగడతారు. గోరుతో గుబ్బ నొక్కు. అస్సలు దిగకపోయినా, గుబ్బ మొదట్లో సన్నటి పగుళ్లు కనిపించినా వదిలెయ్. వెనక జత రెండింటికీ ఒకే తేదీ ఉంటే ఇంకా మంచిది. ఎక్కించాక రెండింట్లో సమానంగా గాలి పెట్టి, టేపుతో చుట్టుకొలత కొలిచి చూడు.

కార్ఖానాకింగ్:
టైర్లు మార్చాక ఒకసారి అనంతగిరి పోదామా? అక్కడి ఎర్రమట్టి మస్తుంటుంది.

స్ప్రాకెట్‌సత్తి:
అది రిజర్వ్ ఫారెస్ట్. లోపలికి బండి దింపితే కేసు పెడతారు. నంబర్ ప్లేట్ లేని బండిని రోడ్డు మీద అక్కడిదాకా తోలుకెళ్లడం ఇంకో కేసు. ప్రైవేటు జాగాలు బోలెడున్నాయి, ఓనర్‌ను అడిగితే పోయేదేం లేదు.

రేగడిరాజా:
చెల్కదారి, ఒక పని చెయ్. వానలు మొదలయ్యాక ఆ 6 ప్లై వేసుకుని రేగడిలోకి దిగే ముందు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టు. మాది శంకర్‌పల్లే, తాడు పట్టుకుని వస్తా.

గుట్టలభాయ్:
వచ్చేటప్పుడు ఆ క్వారీ దారిలోనే రా తమ్ముడూ, నాబీలతో.